బుగ్గడు చెప్పని రుచి

దండిగుట్టల అడవిలో ఎలుగులు, కొండముచ్చులు, జింకలు, నెమళ్ళు, కుందేళ్ళు ఎవరి బతుకు వాళ్ళు బతికేవి. కానీ అందరికీ సంత మాత్రం ఒక్కటే. పున్నమి మర్నాడు పొద్దున్నే పెద్ద బండ మీద ఆ సంత సాగేది. ఎండిన ఇప్పపువ్వే అక్కడ రొక్కం. దొప్పెడు పువ్వు పోస్తే దోసెడు రేగుపళ్ళు, ఇంకాస్త పోస్తే తేనెపట్టు ముక్క.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. సంతరోజున పిల్లలకు తలా ఒక మోదుగాకు దొప్ప నిండా ఇప్పపువ్వు ఇచ్చేవారు. ఇక దానితో ఏం కొంటారో, ఏం తింటారో వాళ్ళ ఇష్టం. పెద్దలు బండ కిందే ఆగిపోవాలి. పిల్లలే పైకెక్కి, బేరాలాడుకుని దిగి రావాలి. అలా అయితేనే పిల్లలకు లోకం తెలుస్తుందని తాతల నాటి మాట.

ఈ ఆచారం గురవమ్మ అనే ఎలుగుబంటికి బొత్తిగా గిట్టేది కాదు. పాపం, ఆమెది కష్టజీవి బతుకు. వేసవి పొడుగునా తెల్లారకముందే లేచి, ఇప్పచెట్ల కింద ఒక్కొక్క పువ్వూ ఏరి ఎండబెట్టుకునేది. ఆమెకు ఒక్కగానొక్క కొడుకు, బుగ్గడు. ఎలుగుల పద్ధతిలో వాణ్ణి ఎప్పుడూ వీపున మోసుకునే తిరిగేది. వాడికి చీమ కుట్టినా ఆమె ప్రాణం విలవిల్లాడేది. అంత ప్రేమ ఉండీ ఏం లాభం, వాడు బండ దిగి రాగానే ఆమె నోట మొదట వచ్చే మాట మాత్రం ఒకటే.

"ఎంత పోశావు?"

ఒకసారి బుగ్గడు కుందేళ్ళ దగ్గర లేత గడ్డికట్ట కొనుక్కుని నములుతూ వచ్చాడు. గురవమ్మకు ఒళ్ళు మండింది. ఎలుగు పుట్టుక పుట్టి గడ్డి తింటావా, మన ఇంటా వంటా ఉందా అని మొదలుపెట్టింది. ఇంటికి చేరేదాకా ఆ నోరు మూతపడలేదు. ఇంకోసారి వాడు పుల్ల వెలక్కాయ కొన్నాడు. ఆ రోజు ముత్తాతల దగ్గర నుంచి అందరూ తేనె తిని ఎంత బలంగా బతికారో చెప్పి మరీ తిట్టింది. వీపు మీద కూర్చున్నవాడు పారిపోయేదెక్కడికి? మొత్తం విన్నాడు.

విని విని బుగ్గడు ఒక ఉపాయం నేర్చుకున్నాడు. బండ దిగేముందు మూతికి ఇసుక రాసి, పక్కనున్న నీటి గుంటలో శుభ్రంగా కడుక్కునేవాడు. అమ్మ అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"తేనెముక్కే కొన్నానమ్మా."

గురవమ్మ పొంగిపోయింది. తన కొడుకు దారిలో పడ్డాడని అడవంతా చాటుకుంది. మరి సీతాలు దగ్గర గొప్పలు చెప్పుకోకుండా ఉంటుందా? సీతాలు పక్క చెట్టు మీద ఉండే కొండముచ్చు. ఆమె పిల్లలు సంత నుంచి దిగుతూనే గోల గోలగా మీద పడేవారు. సీతాలు వాళ్ళను కూర్చోబెట్టుకుని, "రుచి ఎలా ఉంది?" అని అడిగేది. పులుపు, వగరు, మోసపోయిన బేరం, అన్నీ వినేది. అంతా విన్నాకే, ఇది మళ్ళీ ముట్టొద్దనో, ఈసారి పండినదాన్ని చూసి కొనమనో చెప్పేది.

"పిల్లలకు పగ్గం ఉండాలి సీతాలూ. మా వాణ్ణి చూడు. తేనె తప్ప ఇంకోటి ముట్టడు" అంది గురవమ్మ ఒకనాడు.

"ఏమో వదినా. వాళ్ళు చెబుతున్నారు, నేను వింటున్నాను. నాకు తెలిసింది అంతే" అంది సీతాలు.

వినడం కూడా ఒక పెంపకమేనా అని గురవమ్మ లోలోపల నవ్వుకుంది.

తర్వాతి సంతరోజు బుగ్గడు దిగి వచ్చాడు. ఎంత పోశావంటే దొప్పెడన్నాడు. ఏం కొన్నావంటే తేనెముక్కన్నాడు. గురవమ్మ సంతోషంగా వాణ్ణి వీపుకెక్కించుకుని బయల్దేరింది. నాలుగడుగులు వేసిందో లేదో, తన బొచ్చు పట్టుకున్న ఆ చిన్న గోళ్ళ పట్టు సడలినట్టు అనిపించింది. సర్దుకుంటున్నాడేమో అనుకుంది. అంతలోనే వాడు దబ్బున కింద పడ్డాడు. కాళ్ళు కొయ్యబారిపోయాయి. మూతి నుంచి నురగ కారుతోంది.

గురవమ్మ వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, ఏం తిన్నావు నాన్నా అని అడిగింది.

"తేనెముక్కే అమ్మా" అన్నాడు బుగ్గడు.

ప్రాణం పోయేలా ఉన్నా వాడు ఆ మాట విడవలేదు. ఆమె వాడి మూతి వాసన చూసింది. ఇసుకతో తోమిన నోరు, ఏ వాసనా లేదు. సంత అప్పటికే ఎత్తేశారు. అమ్మినవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె అడవి దద్దరిల్లేలా ఏడ్చింది.

ఆ ఏడుపు విని సీతాలు కొమ్మ మీద నుంచి దూకింది. ముందు బుగ్గడి గోళ్ళు చూసింది. వాటి సందుల్లో ఎర్రటి రసం అంటుకుని ఉంది.

"వదినా, ఈ ఎరుపు రెండు పళ్ళకు ఉంటుంది. చూడటానికి రెండూ కవలలే. ఒకదానికి విరుగుడైన ఆకు రెండోదానికి వేస్తే ప్రాణం తీస్తుంది. తేడా అంతా రుచిలోనే. ఆ రుచి వాడే చెప్పాలి."

చెప్పరా, చెప్పరా అని గురవమ్మ వాణ్ణి కుదిపేసింది. వాడు పెదవులు ఇంకా గట్టిగా బిగించాడు. సీతాలు ఆమె చెయ్యి మెల్లగా పక్కకు తీసింది. అవతల ప్రాణం పోతోంది, ఈమెకేమో తొందర లేదు. వాడి పక్కన కూర్చుని నుదురు నిమిరింది.

"రుచి ఎలా ఉంది బంగారం?" అంది.

బుగ్గడు కళ్ళు తెరిచి తల్లి వైపు చూశాడు. ఆ చూపులో చావంటే భయం లేదు. ఉన్న భయమంతా తల్లంటేనే. గురవమ్మకు అది ఆ క్షణంలో అర్థమైంది. ఆమె లేచి వెళ్ళి, వాడికి కనబడకుండా చెట్టు చాటున నిలబడింది.

అప్పుడు ఆ చిన్న గొంతు వినబడింది. "ముందు తియ్యగా ఉంది అత్తా. తర్వాత నాలుక చివర జిల్లుమంది."

సీతాలు ఇక ఆగలేదు. కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూ వెళ్ళి, గుప్పెడు ఆకు దూసుకొచ్చింది. నలిపి, ఆ పసరు వాడి నోట్లో పిండింది. కొయ్యబారిన కాళ్ళు ఒక్కొక్కటే మెత్తబడ్డాయి. ఆగి ఆగి కొట్టుకుంటున్న డొక్క సర్దుకుంది. బుగ్గడు పక్కకు ఒత్తిగిలి మామూలుగా నిద్రపోయాడు. ఇంత పెద్ద వింత గురవమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"ఇంత వైద్యం ఎక్కడ నేర్చావమ్మా?" అంది చివరికి, చేతులు జోడించి.

"నాకు వైద్యమెక్కడిది వదినా. ఏది తింటే ఏమైందో, ఏ ఆకు నమిలితే తగ్గిందో, అన్నీ నా పిల్లలు చెప్పినవే" అంది సీతాలు. ఎప్పుడో ఒక పిల్ల చెప్పిన రుచి, ఒక తల్లి విన్న మాట, ఈరోజు గురవమ్మ బిడ్డ ప్రాణమైంది.

బుగ్గడు బతికాడు. కానీ గురవమ్మ గర్వానికి చెల్లించాల్సింది ఇంకా మిగిలే ఉంది. తర్వాతి సంతకు ఆమె పాత ప్రశ్న మింగేసి రుచి అడిగింది. వాడు తేనెముక్కే అన్నాడు. ఆ తర్వాతి సంతకూ అదే జవాబు. అబద్ధమని తెలిసినా ఆమె గద్దించలేదు, అడగడం మానలేదు. వానలు వచ్చి వెళ్ళాయి. తనను నమ్మని బిడ్డను మోస్తూ నడవడం ఎంత బరువో ఆమెకు బాగా తెలిసొచ్చింది.

చలి మొదలయ్యాక ఒక సంతరోజు బుగ్గడు ఎప్పటిలాగే వీపుకెక్కాడు. వాగు దాటాక ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"చేదుగా ఉందమ్మా. దొప్పెడు పువ్వూ దండగైపోయింది."

తెల్లవారుజామున ఏరిన పువ్వు. గురవమ్మ నోటి నిండా తిట్లు వచ్చాయి. అన్నీ దిగమింగింది.

"ఎలాంటి చేదు నాన్నా?" అంది.

ఇక చూడండి. గట్టు తెగినట్టు వాడు చెబుతూనే పోయాడు. ఏ గుట్ట మీద ఏ కాయ ముందు పండుతుందో, నెమళ్ళు ఏ గింజలు దాచుకుంటాయో, మొదట తిన్న గడ్డిలో ఎంత తీపి ఉందో, అన్నీ చెప్పాడు. పుట్టినప్పటి నుంచీ తిరుగుతున్న అడవిలో తనకు తెలియని అడవి ఇంత ఉందా అని గురవమ్మ విస్తుపోయింది. నడిస్తే ఆకుల చప్పుడుకు ఒక్క మాటైనా వినబడకుండా పోతుందేమోనని, దారి మధ్యలోనే కదలకుండా నిలబడిపోయింది.

నీతి: తిట్టు పిల్లల నోరు కడుతుంది కానీ వాళ్ళ తిండిని కట్టలేదు. ముందు వినే పెద్దలకే పిల్లలు నిజం చెబుతారు.