గేటు దగ్గర అడిగే ప్రశ్న

ఆ నగరంలో కోరిక ముదిరిన మనుషులు మృగాలైపోయారు. ఎందుకన్నది ఎవరికీ తెలియదు. తిండియావ ఉన్నవాడు ఒళ్ళంతా నోరై వీధులు నమిలాడు. అందరికంటే ఎత్తులో ఉండాలనుకున్న ఒకావిడ మేడలను మించి పెరిగి, కింద ఎవరున్నారో కనపడక తొక్కుకుంటూ పోయింది. మొదటి ఏడాదంతా పరుగులతోనే సరిపోయింది.

రెండో ఏడాదికి మిగిలినవాళ్ళు ఆటల స్టేడియంలో చేరారు. చుట్టూ ఎత్తయిన గోడ, ఒకే ఒక్క గేటు. పచ్చిక తవ్వి కూరగాయలు వేశారు. ప్రేక్షకులు కూర్చునే మెట్ల మీద కాపురాలు పెట్టారు. ప్రాణాలు దక్కాయని ఊపిరి పీల్చుకున్నాక భయపడడానికి తీరిక చిక్కింది. మృగం బయటినుంచే రావాలా, మనలోంచి రాకూడదా అన్నారు పెద్దలు. అందుకని ఒక కట్టడి పెట్టారు.

రోజూ పొద్దున్నే అందరూ గేటు దగ్గర వరసలో నిలబడాలి. ఒక్కొక్కరే అరచేతిలో నిండు నీళ్ళ గిన్నె పట్టుకోవాలి. కాపలా మనిషి "నీకేం కావాలి?" అని అడిగితే "ఏమీ వద్దు" అనాలి. నీళ్ళు తొణికాయా, కోరిక ఉన్నట్టే, గేటు దాటి పోవాల్సిందే. చలికి చెయ్యి వణికినందుకే గేటు దాటాల్సి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. పెద్దల గిన్నెలు మాత్రం కాస్త వెలితిగా ఉండేవని నా అనుమానం.

గేటు కాపలా ఒక ఆడమనిషిది. ఆమెకు భర్త, ఆరేళ్ళ కూతురు. గిన్నె తొణికిందో లేదో చెప్పేది తనే అయితే, పిల్ల చెయ్యి వణికినా చూడనట్టు ఊరుకోవచ్చని ఆ పనికి ఒప్పుకుంది. ఆమె ఎత్తు మొదటి రోజే చిత్తయింది. పెద్దలు ఇద్దరు పక్కనే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

ఇక పిల్లకు నేర్పక తప్పలేదు.

"అమ్మా, ఆకలి."

"ఆకలి అనకూడదు తల్లీ. పెట్టినప్పుడు తిను."

"అయితే నీళ్ళు?"

"ఇచ్చినప్పుడు తాగు."

భర్త ఇది విని నవ్వేవాడు. పిల్లను భుజాల మీద ఎక్కించుకుని మెట్లన్నీ తిప్పేవాడు. ఉప్పుకీ మందులకీ బయటికి వెళ్ళి వచ్చే నలుగురిలో అతనొకడు. ఒకసారి అలా వెళ్ళి పదకొండు రోజులు రాలేదు. పన్నెండో రోజు పొద్దున మాసిన గడ్డంతో వచ్చి గేటు లోపల నిలబడ్డాడు. ఆమె గిన్నె చేతికిచ్చి అడిగింది.

"నీకేం కావాలి?"

అతను ఆమె భుజం మీదుగా పిల్లను చూశాడు. "దాన్ని ఒక్కసారి ఎత్తుకోవాలి."

"ఏమీ వద్దనండి," అంది ఆమె గొంతు తగ్గించి.

"దాన్ని చూసి పదకొండు రోజులైంది. ఈ పూట అబద్ధం రావట్లేదు."

నీళ్ళు తొణికి ఆమె పాదాల మీద పడ్డాయి. వెనక వరసలోంచి పిల్ల "నాన్నా" అంటూ రెండు చేతులూ చాచింది. పెద్దల చూపు అతన్ని వదిలి పిల్ల మీద పడింది. ఇంకో క్షణం ఆగితే పిల్ల కూడా గేటు దాటాల్సి వస్తుందని ఆమెకు అర్థమైంది. గభాలున వెళ్ళి ఆ చిన్న చేతులు రెండూ కిందికి దించింది.

"నాన్న వద్దు అను."

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. "నాన్న వద్దు," అంది.

అతను అది విన్నాడు. తనే గేటు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

ఆమెను తప్పు పట్టడం తేలిక. ఆ గేటు దగ్గర నిలబడనివాళ్ళకు మరీ తేలిక. పిల్లను దక్కించుకుంది, అది నిజం. ఆ రోజు నుంచి ఆమెకు అన్నం గొంతు దిగలేదు, అదీ నిజమే.

వారం తిరక్కుండా గేటుకు ఎదురుగా ఒక మృగం వచ్చి కూర్చుంది. చేతులు నేలను తాకేంత పొడుగు. రెండింటినీ ముందుకు చాచి, మధ్యలో ఎవరో ఉన్నట్టు గుండ్రంగా పట్టుకుని కూర్చునేది. రాళ్ళు రువ్వినా కదల్లేదు. గోడ ఎక్కబోయిన వేరే మృగాలను ఆ చేతుల్లోకి తీసుకునేది. కాసేపటికి అవి నిద్రపోయేవి. మన గోడ గట్టిదని పెద్దలు మురిసిపోయారు.

పిల్ల మాత్రం ఎవరికీ ఏ ఇబ్బందీ పెట్టలేదు. కూర్చోబెట్టిన చోట కూర్చునేది. పక్క మెట్ల మీది ఆడవాళ్ళు తమ పిల్లలకు దాన్ని చూపించి, ఎంత బుద్ధిమంతురాలో చూడండని బుద్ధి చెప్పేవారు. అది విన్నప్పుడల్లా తల్లి పిల్లను లేపి వేరే చోటికి తీసుకుపోయేది.

వానలు వెనకబట్టాక పిల్లకు జ్వరం వచ్చింది. మధ్యాహ్నం తల్లి మందు కోసం అవతలి మెట్ల దాకా వెళ్ళి వచ్చేసరికి పిల్ల పెదాలు పగిలి, నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. కుండ చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉంది.

"ఎందుకు తాగలేదే?"

"నువ్వు ఇవ్వలేదుగా," అంది పిల్ల. ఆ గొంతులో కోపం లేదు, కనీసం ఏడుపైనా లేదు.

ఆమె నీళ్ళు పట్టింది. పిల్ల తాగింది. గ్లాసు తీసేస్తే ఆపేసింది, ఇంకా కావాలనలేదు. అప్పుడు తల్లి పిల్ల పాదాలు పట్టుకుని, నేనే చేశాను, నేనే చేశానని ఏడ్చింది. పిల్ల ఆ ఏడుపు అయ్యేదాకా కదలకుండా పడుకుంది.

జ్వరం తగ్గి పిల్ల లేచి తిరిగిన రోజు, వరస చివర తల్లి వంతు వచ్చింది. కాపలా మనిషిని పెద్దలే అడుగుతారు.

"నీకేం కావాలి?"

ఆమె గిన్నె కింద పెట్టేసింది. "నా కూతురు ఏదో ఒకటి అడగాలి. అలిగి, కాళ్ళు నేలకేసి కొట్టి అడగాలి. నాకు అది కావాలి."

పెద్దలు నోరు తెరిచేలోపే ఆమె గడియ తీసి బయటికి నడిచింది. ఇవతలికి తిరిగి చేతులు చాచింది.

"రా తల్లీ. నాన్న దగ్గరికి పోదాం."

గేటు బార్లా తెరిచే ఉంది. మూయమని పెద్దలు అరుస్తున్నా ఎవరూ కదల్లేదు. పిల్ల వరసలోంచి బయటికి వచ్చింది. ఒక్కో అడుగే వేస్తూ గేటు దాకా నడిచింది. తల్లికి ప్రాణం లేచివచ్చింది.

పిల్ల రెండు చేతులూ తలుపు మీద ఆనించి, బలంగా నెట్టి మూసింది. మునివేళ్ళ మీద లేచి గడియ వేసింది. వెళ్ళి తన చోట నిలబడింది.

కొన్నాళ్ళకు గోడకు బయటివైపు, పిల్ల పడుకునే మెట్లకు సూటిగా, ఒక పెద్ద చెవి కనపడింది. మనిషంత చెవి, రాతికి గట్టిగా ఆనుకుని ఉంది. పొడుగు చేతుల మృగం లేచి వచ్చి, దాని మీద ఎండ పడకుండా చేతులు అడ్డం పెట్టి కూర్చుంది.

లోపలివాళ్ళు భయపడి, అప్పటిదాకా మిగిలిన ఆ కాసిని మాటలు కూడా గుసగుసల్లోకి దించుకున్నారు. పిల్లకు గొంతు తగ్గించాల్సిన పని పడలేదు.