రాజముద్ర వేసిన బంతి

ఎప్పటి మాటో గానీ, వజ్రకొండ అనే రాజ్యాన్ని ప్రచండసేనుడు ఏలేవాడు. మహా కోపిష్ఠి. ఆయనకు కాలిబంతి ఆటంటే ప్రాణం. అందులో బంతిని కాలితో తన్నాలే గానీ చెయ్యి తగలకూడదు. పొరుగు రాజు ఆట చంకబంతి. బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తడమే.

ఆ ఏడు ఏటి అవతలి సీమ ప్రచండసేనుడి వశమైంది. అక్కడివాళ్లకు ఏ బంతాటా తెలియదు.

"పొరుగువాడి ఆట పాకేలోపు నా ఆట పాకాలి!" అని రాజు ఊరూరికీ బంతులు పంపాడు. ఎవరి ఆటో తెలియాలి కదా, ప్రతి బంతి మీదా రాజముద్ర వేయించాడు. ఆడని ఊరి పెద్దను కొరత వేసి చంపుతామని దండోరా కూడా కొట్టించాడు.

కొన్నాళ్లకు చూసొద్దామని బయల్దేరాడు. వెంట విదూషకుడు చెన్నుభట్టు ఉన్నాడు. రేగడిపల్లెలో అడుగుపెడితే ఏముందీ? కుర్రకారంతా కుంకుమబొట్టు పెట్టిన బంతిని చంకన పెట్టుకుని పరుగో పరుగు!

"నా బంతితో చంకబంతా! ఎవడ్రా ఊరిపెద్ద?"

ముసలి బసివినాయుడు వచ్చి సాగిలపడ్డాడు. అతని భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

"వీణ్ణి కొరత వేయండి!" అన్నాడు రాజు.

చెన్నుభట్టుకూ భయమే. కిందటేడు రాజుకు అడ్డు చెప్పిన మంత్రి ఇంకా చెరలోనే మగ్గుతున్నాడు మరి. అయినా ముసలాణ్ణి చూసి ఉండబట్టలేకపోయాడు.

"ప్రభూ, కాలిబంతి ఎలా ఆడాలో తమరే ఒక్కసారి చూపించండి. తెలుసుకుని చస్తాడు."

రాజు ఉబ్బిపోయాడు. బంతి ముందు పెట్టించుకుని, పంచె ఎగ్గట్టి కాలెత్తాడు.

"ఒక్క మాట ప్రభూ," అన్నాడు చెన్నుభట్టు. "రాజముద్రకు కాలు తగిలితే శిరశ్ఛేదమని తమ తాతగారి శాసనం. అది తమకు వర్తిస్తుందో లేదో నాకు తెలియదు."

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"వీళ్ల గతీ ఇదే ప్రభూ. తన్నితే తల పోతుంది, ఆడకపోతే కొరత. ఏం చేస్తారు? బొట్టు పెట్టి, నేల తగలకుండా ఎత్తుకుని పరుగెత్తారు. పొరుగు రాజు ఇక్కడికి ఒక్క బంతీ పంపలేదు. ఆయన ఆటను పాకించింది మనమే!"

రాజు కాలు దించాడు. మీసం అదిరింది. చెన్నుభట్టు కళ్లు మూసుకున్నాడు.

అంతలో రాజు ఫక్కున నవ్వాడు. "ఓరి నీ తెలివి! నా ఆటకు నేనే గొయ్యి తవ్వుకున్నానన్నమాట!" అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. ముసలాణ్ణి తనే లేవనెత్తాడు. ముద్ర లేని బంతులు పంపిస్తాననీ, ఎవరికి నచ్చిన ఆట వాళ్లు ఆడుకోవచ్చనీ మాటిచ్చాడు.

తీరా చుట్టూ చూస్తే ఒక్కరూ నవ్వడం లేదు.

"ఏం, మీకు నవ్వు రాలేదా?"

"వచ్చింది ప్రభూ," అన్నాడు బసివినాయుడు చేతులు కట్టుకుని. "నవ్వమని తమరు సెలవియ్యలేదు గదా, ఆపుకున్నాం."

రాజు మొహం చిన్నబోయింది. మెడలోని ముత్యాల పేట తీసి చెన్నుభట్టు చేతిలో పెట్టాడు.

"నువ్వు మొదలెట్టవయ్యా," అన్నాడు మెల్లగా. "నిన్ను చూసైనా నవ్వుతారు."