దోనమ్మ సన్నిధికి తలుపు లేని కారణం

ఎర్రమిట్ట గ్రామానికి పడమట, కొండ నడుమ దోనమ్మ తల్లి సన్నిధి ఉన్నది. రాతి గుంటలో ఊట నీరు నిలిచే చోటును ఈ సీమలో దోన అంటారు. ఆ నీటి అంచున అమ్మవారు ముఖం మాత్రమే తేలిన నల్లరాయిగా దర్శనమిస్తారు. సన్నిధికి మూడు వైపులా గోడ ఉన్నది. నాలుగో వైపు తలుపు గానీ, గడప గానీ లేవు. కొత్తగా వచ్చిన భక్తులు కారణం అడిగితే ఊరివారు తిప్పక్క కథ చెబుతారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. దోన ఊరందరిది. అందరిదీ కావడం వల్ల, శుభ్రం చేసే పని తమదని ఎవరూ అనుకోలేదు. పశువులు దిగి నీటిని కలచేవి. పూడిక పేరుకునేది. కుండలు పగిలేలా తగువులు జరిగేవి. అటువంటి కాలంలో రంగప్ప అనే సంపన్నుడు ఊరిని పిలిపించి, కలలో తనకు అమ్మవారు కనబడిందని చెప్పాడు. "దోన మైలపడుతోంది, గోడ కట్టి తలుపు పెట్టు, తాళం నీ దగ్గరే ఉంచుకో అని తల్లి ఆజ్ఞ" అన్నాడు. కావలివాళ్ల కూలికి ఇంటికిన్ని జొన్నలు ఇస్తే చాలన్నాడు. జనం చేతులు జోడించారు.

మేకలు కాచుకునే తిప్పక్క మాత్రం జోడించలేదు. "అమ్మ ఊరందరికీ తల్లి కదా రంగప్పా! ఆ మాట చెప్పేదానికి నీ కల ఒక్కటే దొరికిందా?" అని అడిగింది. పక్కనున్న ఆడవాళ్లు ఆమెను కసిరి కూర్చోబెట్టారు.

గోడ, తలుపు లేచిన మొదటి ఏడు నీళ్లు తేటగా ఉన్నాయి. రంగప్ప మెట్లు చెక్కించాడు, పశువులకు వేరే తొట్టి కట్టించాడు. తిప్పక్కా ఆ నీళ్లే తాగింది. అనవసరంగా మనిషిని శంకించానేమోనని లోలోపల నొచ్చుకున్నది. మరుసటి ఏడు జొన్నలు ఎక్కువ అడిగారు, నీళ్లు తక్కువ పోశారు. "ఊట ఇంకిపోతోంది" అన్నారు కావలివాళ్లు. నిజమో కాదో చూద్దామంటే తలుపు లోపలికి ఎవరినీ రానివ్వలేదు. తిప్పక్క కోడలు ఓబుళమ్మ పచ్చి బాలింత. ఆ పిల్లకు ఒక చెంబు ఎక్కువ పోయమని తిప్పక్క బతిమాలితే మొహం మీదే తలుపు వేశారు.

కొండంతా మాడిపోయిన ఆ వేసవిలో ఒకనాడు మేకలు ఆమె అదిలింపు లెక్కచేయక కొండ వెనుకకు దిగాయి. వెంటపడి వెళ్లిన తిప్పక్కకు అక్కడ పచ్చని తమలపాకు తోట కనిపించింది. అది రంగప్పది. తోట పైన బండలోని బెజ్జం నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. ఆమెకు ఒళ్లు మండింది. అయినా వేరే ఊటేమోనన్న సందేహం విడవలేదు.

శుక్రవారం నాడు మొక్కు ఉన్నదని చెప్పి, పండుగకు దాచుకున్న పసుపంతా తట్టలో తెచ్చింది. అమ్మ మొక్కుకు అడ్డు చెప్పడానికి కావలివాళ్లు జంకారు. తట్ట దోనలో బోర్లించి, ఊరివాళ్లను కొండ వెనుకకు తీసుకువెళ్లింది. కాసేపటికి తోటలోకి పచ్చటి పసుపు నీళ్లు దిగాయి.

రంగప్ప తొణకలేదు. "చూసినారా, తల్లి తన పసుపును నా తోటకే పంపింది. ఇంతకన్నా నిదర్శనం ఏం కావాల?" అన్నాడు. కొందరు తలలూపారు కూడా. తిప్పక్క బండ మీద చెయ్యి పెట్టి తడిమింది.

"తల్లి ఇచ్చిందే అయితే, ఈ బెజ్జం చుట్టూ ఉలి దెబ్బలు ఎవరివప్పా?"

ఓబుళమ్మ బిడ్డను అత్త చేతికిచ్చి, తోటలోని బంకమన్ను తీసి బెజ్జంలో కుక్కింది. ఆమె వెనుక మరొకరు, ఆ పైన ఊరంతా. కావలివాళ్లు కూడా మన్ను మోశారు.

తెల్లవారేసరికి దోన నిండి పొర్లింది. తలుపు ఊడి వాలు వెంట కొట్టుకుపోయింది. గోడ కూలిన చోట నల్లరాతిలో అమ్మవారి ముఖం వెలిసి ఉన్నది. రంగప్ప ఆ ముఖాన్ని చూసి ఊరు విడిచి వెళ్లాడు. భయపడి వెళ్లాడో, మరో ఊటను వెతుక్కుంటూ వెళ్లాడో ఎవరూ చెప్పలేరు.

కొత్త తలుపు చేయించి తాళం తిప్పక్క చేతికివ్వాలని పెద్దలు నిశ్చయించారు. "నిన్ను గాక ఎవరిని నమ్మేది అక్కా?" అన్నారు.

తిప్పక్క తాళం ముట్టలేదు. "వద్దు నాయనా. ఈ పొద్దు నేను మంచిదాన్నే. రేపు నాకూ కల రావచ్చు" అన్నది.

ఆనాటి నుండి సన్నిధికి తలుపు పెట్టలేదు. దోన బాగోగులు ఏటా ఒక ఇంటివారు చూస్తారు, పూడిక మాత్రం ఊరంతా కలిసి తీస్తుంది. చైత్ర పౌర్ణమి నాడు ఆ ఇంటివారు మోకాటి లోతు నీళ్లలో నిలబడతారు. ఏడాదిలో నీళ్లు ఎటు పోయాయో పరదేశి అయినా సరే అడగవచ్చు, వారు చెప్పి తీరాలి. ఇటీవల ఇక్కడ నీళ్ల ప్లాంటు పెడతామని వచ్చిన కంపెనీవారినీ, దోనను పంచాయతీకి రాసిమ్మన్న అధికారులనూ అలాగే నిలబెట్టారు. ఇరువురి జవాబులూ ఊరికి రుచించలేదు. మరుసటి పౌర్ణమికి మళ్లీ రమ్మన్నారు.

కనుక భక్తులు ముందుగా నీళ్లు ఎటు పోయాయని ఆ ఏటి ఇంటివారిని ఒక మాట అడిగి, జవాబు విని, ఆపైన తీర్థం పుచ్చుకోవలెను. అట్లు చేసిన వారి ఇంట నీటికి కొదువ ఉండదనీ, బాలింతలు చల్లగా ఉంటారనీ దోనమ్మ తల్లి అభయం.