ఎర్రపీతల కళ్ళు ఎందుకు పొడుచుకొచ్చాయి

ఒకప్పుడు, ఎర్రపీతలకు గుంతలు లేని రోజుల్లో, వాటి కళ్ళు మన కళ్ళలాగే ముఖానికి అతుక్కుని ఉండేవి. అవి తిన్నగా, ఎదురుగా నడిచేవి. సముద్రం ఒడ్డున ఇసుక మీద అందరిదీ ఒకటే వీధి. గోడల్లేవు, తలుపుల్లేవు.

పీత పెరగాలంటే పాత డిప్ప వదిలెయ్యాలి. కొత్త డిప్ప గట్టిపడేదాకా ఒళ్ళు వెన్నముద్దలా ఉంటుంది. గద్దలు కాచుకునేది ఆ సమయం కోసమే. అందుకే ఎవరు డిప్ప వదిలినా వీధి వీధంతా వచ్చి చుట్టూ నిలబడేది. పటకారు చేతులు పైకెత్తి, "ముందు మమ్మల్ని దాటు!" అని అరిచేది. పీత చిన్నదే, వీధి మాత్రం పెద్దది. గద్దలు తోక ముడిచేవి.

ఒకసారి పోలయ్య డిప్ప వదిలాడు. వీధంతా ఎండలో మాడుతూ కాపలా కాసింది. కొత్త డిప్ప రాయిలా గట్టిపడింది. మర్నాడే అతను గుంత తవ్వడం మొదలుపెట్టాడు.

"అదేంటి మావా?" అంది పక్కనుండే నూకాలు.

"ఇల్లు. నాది. మీ కాపలా నాకొద్దు, మీకు కాపలా కాయడం నా వల్ల కాదు. ఎవరి బతుకు వాళ్ళది."

"నిన్నటిదాకా మా మధ్యేగా వణికావు!"

"నిన్న సంగతి ఇప్పుడెందుకే?" అంటూ పోలయ్య ఆమె ముఖాన ఇసుక ఎగజిమ్మాడు.

అతన్ని చూసి గౌరమ్మ తవ్వింది. "వాడి గుంతకంటే మాదే లోతు" అని చెప్పుకుంది. చూస్తుండగానే అందరూ తవ్వారు. నూకాలూ తవ్వింది. వీధి పోయింది, బొక్కలు మిగిలాయి.

తర్వాత నూకాలు వంతు వచ్చింది. డిప్ప వదిలే ముందు ఒళ్ళు ఉబ్బుతుంది. ఆమె తన గుంతలోనే పట్టలేదు. పోలయ్య గుంత దగ్గరకు పరుగెత్తింది.

"మావా, డిప్ప పగులుతోంది. వచ్చి నిలబడవా?"

"ఇప్పుడా? గౌరమ్మనడుగు."

"గౌరమ్మత్తా!"

"పిల్లలిప్పుడే పడుకున్నారే. అయినా పోలయ్య రాకుండా నేనొక్కదాన్నీ వచ్చి ఏం చేస్తాను?"

ఇంకెవరూ పలకలేదు. నడి ఇసుకలో నూకాలు డిప్ప ఊడిపోయింది. గద్ద నీడ పడింది.

"ఎవరైనా రండి!"

కేక విని అందరూ గుంతల అంచుదాకా వచ్చారు. ఏం జరుగుతుందో చూడాలి, బయటికి మాత్రం రాకూడదు. కళ్ళు సాగదీశారు. ఇంకా సాగదీశారు. కాళ్ళు మాత్రం కదల్లేదు. పక్కవాడు వెళ్తాడులే అని ప్రతివాడూ అనుకున్నాడు.

గద్ద తీరిగ్గా దిగింది. నూకాలును ఎత్తుకుపోయింది.

సాయంత్రం అందరూ బయటికొచ్చారు.

"అయ్యో పాపం, నేను కళ్ళారా చూశాను" అంది గౌరమ్మ.

"నేనూ చూశాను" అన్నాడు పోలయ్య.

సముద్రానికి ఒళ్ళు మండింది. "అందరూ చూశారు! వెళ్ళిందెవరు?" అని అలతో చాచి కొట్టింది. "చూడ్డానికి సాగిన కళ్ళు ఇక లోపలికి పోవు. అలాగే బతకండి!"

ఒకరి ముఖం ఒకరు చూడలేక పక్కలకు తప్పుకున్నారు.

అప్పటినుంచే ఎర్రపీతల కళ్ళు కాడల మీద పొడుచుకొచ్చి ఉంటాయి. అప్పటినుంచే అవి ఎదురుగా రాలేక పక్కకు నడుస్తాయి. డిప్ప వదిలే రోజున ప్రతి పీతా గుంత మూతికి ఇసుక కప్పుకుని, చీకట్లో ఒంటరిగా వణుకుతుంది. పిలిచినా ఎవరూ రారని దానికి తెలుసు. ఎవరు పిలిచినా తను వెళ్ళదు కదా!