దస్తగిరి వండిన కైమా ఉండలు

దస్తగిరికి నోట్లో మాట నిలవదు. అది లోపమని అతను ఎన్నడూ అనుకోలేదు, గొప్పే అనుకున్నాడు. తను కుట్టే పరుపులో పాత దూది కలిపితే కలిపానని చెప్పేస్తాడు. పెళ్లిభోజనంలో పలావు మాడితే పెళ్లివాళ్ల ముందరే ఆ మాట అనేస్తాడు. "నా కడుపులో ఏమీ దాగదు" అని నవ్వుతాడు. విన్నవాళ్లు తామూ నవ్వి, మెల్లగా పక్కకు జరుగుతారు.

అలాంటివాడు ఒక ఎండాకాలం పొద్దున ఇమాంసా తాత ముందు కూర్చుని, ఎంతసేపటికీ నోరు విప్పలేకపోయాడు.

ఇమాంసా తాత కుందూ నది ఒడ్డున చిన్న దర్గాను ఆనుకుని ఉన్న ఒంటిగదిలో ఉండేవాడు. దూదేకులవాళ్లే కాదు, ఆ చుట్టుపక్కల అన్ని కులాలవాళ్లూ ఆయన దగ్గరికి వచ్చేవారు. దస్తగిరి రోజూ తెల్లవారకముందే వచ్చి, ఆయన పక్కన కూర్చుని, తస్బీ పూసలు తిప్పుతూ దేవుని పేరు తలుచుకునేవాడు. ఆ తర్వాతే పోయి పరుపుల అంగడి తెరిచేవాడు.

"ఏమి రా, పూసలు కదలడం లేదు?" అన్నాడు తాత.

"కండ్లు మూసుకుంటే మా మౌలాలిగాడే కనపడతాండాడు తాతా."

మౌలాలి దస్తగిరి తమ్ముడు. లారీ తోలుతాడు. రెండేళ్ల కిందట వాళ్ల నాయన కర్నూలు ఆసుపత్రిలో మంచం పట్టి ఉన్నన్నాళ్లూ మౌలాలి రాలేదు. మట్టి చేసిన తర్వాత వచ్చాడు. చావుకొచ్చిన చుట్టాలందరూ ఇంటి ముందు కూర్చుని ఉండగా దస్తగిరి అడిగేశాడు: "మట్టి ఆరినాక వచ్చినావు, దేనికి?" మౌలాలి మారుమాట అనలేదు. భార్యను వెంటబెట్టుకుని అట్లే వెనక్కి తిరిగాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

"అమ్మ చలికాలంలో జబ్బుపడి లేచింది గదా. కొడుకులిద్దరూ ఒక చాప మీద కూర్చుని తినేది చూడాల అంటాంది. కబురు కూడా తనే పంపింది. గురువారం సాయంత్రం వస్తాడంట."

"రానీ."

"వచ్చేది రానీ, తినేది తిననీ. నేను వద్దనను. కానీ ఒక్క మాట చెప్పాల తాతా. నాయన ప్రాణం పోయేదాకా వాకిలి వైపే చూసినాడు, వాని కోసం. నా కండ్లారా చూసినా. ఆ మాట వానికి చెప్పి, ఆ తర్వాత నేను ముద్ద ముట్టుకుంటా." దస్తగిరి పూసలు పక్కన పెట్టాడు. "నిజం చెప్పడం తప్పా తాతా?"

తాత చిరిగిన చాప అంచు కుట్టుకుంటున్నాడు. దారం పంటితో తెంపి, సూది తలపాగాలో గుచ్చుకున్నాడు.

"ఏం వండుతాండావు?"

దస్తగిరి తెల్లబోయాడు. "కోడి కైమా ఉండలు. అమ్మకు పండ్లు లేవు గదా, మెత్తగా ఉండాల. పండగొచ్చినా పబ్బమొచ్చినా మా నాయనే చేసేవాడు. ఈసారి నన్ను చేయమంది."

"అందులోకి కాయగూరలు?"

"దోసకాయ, బీరకాయ, ఇంత సొరకాయ. ఎండాకాలం గదా."

"నేనొచ్చి తరుగుతాలే," అన్నాడు తాత.

గురువారం మధ్యాహ్నం ఎండ ఇంకా చల్లారకముందే తాత వచ్చేశాడు. దస్తగిరి ఇంటి వెనక చప్పరం కింద కత్తిపీట వేయించుకుని కూర్చున్నాడు. దస్తగిరి భార్య కాశీంబీ ఉల్లిగడ్డలు వేయిస్తోంది. దస్తగిరి రోట్లో కోడి కైమా వేసి దంచుతున్నాడు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు, వేయించిన పుట్నాల పొడి ఒక్కటొక్కటే వేస్తున్నాడు. చేతులు రోకలి మీద ఉన్నాయి గానీ మనసు రాబోయే మాట మీద ఉంది. దాన్ని ఎట్లా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అని లోపల్లోపల దిద్దుకుంటున్నాడు. దిద్దుకునే కొద్దీ రోకటి పోటు బరువెక్కింది.

వాళ్లమ్మ ఫక్కీరమ్మ గోడకు ఆనుకుని చూస్తోంది. "అబ్బీ, అది కోడి రా. పాత పరుపులో దూది కాదు, అంతగా బాదేదానికి," అంది.

కాశీంబీ నవ్వుకు కొంగు అడ్డం పెట్టుకుంది. దస్తగిరి రోకలి పక్కన పెట్టాడు.

ఫక్కీరమ్మ లేచి, కంచె మీద తన చేత్తో పాకించిన పాదు దగ్గరికి పోయి, పచ్చగా పండిన దోసకాయలు ఒళ్లో వేసుకుని వచ్చింది. జబ్బు నుంచి లేచాక ఆమె చేసిన మొదటి పని ఆ పాదుకు నీళ్లు పోయడం. కాయలు తాత ముందు కుప్ప పోసి, ఎదురుగా కూర్చుంది.

తాత ఒక్కో కాయ చెక్కు తీసి, చిన్న ముక్క కోసి నోట్లో వేసుకుని, అప్పుడే తరుగుతున్నాడు. ఒక కాయ, ఇంకొక కాయ. మరో కాయ ముక్క నోట్లో వేసుకుని మెల్లగా నమిలాడు. నమిలి మింగాడు. ఆ కాయను తన మోకాలి వెనక పెట్టుకుని ఇంకొకటి తీసుకున్నాడు.

"ఎట్లుండాయి సామీ నా కాయలు?" అంది ఫక్కీరమ్మ.

"జబ్బులో లేచి ఇన్ని కాయలు కాయించినావమ్మా!" అన్నాడు తాత.

ఆమె మొహం విప్పారింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

దస్తగిరి నీళ్ల కోసం అటు వచ్చి, మోకాలి వెనకున్న కాయను చూశాడు. తీసి కొరికాడు. మరుక్షణం తుపుక్కున ఉమ్మేశాడు.

"తూ! విషం తాతా! ఎట్లా మింగినారు? ఒక్క మాటన్నా అనలేదే?"

"అంటే ఏమొస్తాది?" తాత కత్తిపీట మీద నుంచి తలెత్తలేదు. "కూరలో పడకుంటే చాలు గదా."

దస్తగిరి ముసలాయన తీరుకు నవ్వుకున్నాడు. నోరు పుక్కిలించుకుని, మళ్లీ వచ్చి ఉండలు చుట్టడానికి కూర్చున్నాడు. నాలుక మీద చేదు మాత్రం చాలాసేపు వదల్లేదు.

పొద్దు గుంకే వేళకు మౌలాలి వచ్చాడు. చిక్కిపోయాడు. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. భార్య మాబున్ని వాకిట్లోనే ఆగిపోతే ఫక్కీరమ్మ ఎదురుపోయి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. అన్నదమ్ములు ఒకరినొకరు చూసి తలలూపుకున్నారు. అంతే.

పెరట్లో చాప పరిచారు. ఫక్కీరమ్మ కొడుకులిద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుంది. ఎదురుగా తాత కూర్చున్నాడు. కాశీంబీ రాగి సంగటి ముద్దలు పెట్టి, మీద ఉండల కూర పోసింది. గసగసాలు, కొబ్బరి నూరి పోసిన పులుసులో దోసకాయ ముక్కలు, బీరకాయ ముక్కలు నిగనిగలాడుతున్నాయి.

తినేముందు చెప్పాలనుకున్న మాటకు అదే సమయం. దస్తగిరి గొంతు సవరించుకున్నాడు. ఈలోగా తల్లి బిస్మిల్లా అని ముద్ద ఎత్తింది. సరే, ఆమె ఒక ముద్ద తిననీ అనుకున్నాడు.

మౌలాలి ఒక ఉండ విరిచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు.

"నాయన చేసినట్టు లేదు," అన్నాడు.

మాబున్ని భర్త మోకాలి మీద గిల్లింది. కాశీంబీ గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. ఫక్కీరమ్మ ముద్ద నోటి దాకా పోయి నిలబడింది. ఆమె పెద్దకొడుకు వైపు తిరగలేదు. తిరగకుండానే భుజాలు ముడుచుకుంది, దెబ్బ పడబోతోందని తెలిసిన మనిషిలా.

దస్తగిరి నోటి నిండా మాట ఉంది. నాయన రుచి నీకేం తెలుసురా, నాయన చివరి చూపు ఎటుందో నీకేం తెలుసురా అని. ఇన్నాళ్లుగా దిద్దుకున్న మాట. పెదవి కదిపితే చాలు.

ఎదురుగా తాత తల వంచుకుని సంగటి తింటున్నాడు. ఎవరి వైపూ చూడడం లేదు.

దస్తగిరి ముడుచుకున్న ఆ భుజాల వంక చూశాడు. గుటక వేశాడు. ఆ గుటక దిగడానికి చాలాసేపు పట్టింది.

"లేదురా," అన్నాడు చివరికి. "నాకూ తెలుస్తాంది. ఏదో తక్కువైంది. నాయన ఏం వేసేవాడో నీకేమన్నా తెలుసా?"

మౌలాలి నివ్వెరపోయి చూశాడు. వస్తాయనుకున్న మాటలు అవి కావు.

"మామిడికాయ," అన్నాడు మెల్లగా. "పుల్లటిది, తురిమి కైమాలో కలిపేవాడు."

"ఇంకా కొంచెం కైమా ఉంది. రా, చేద్దాం."

అన్నదమ్ములిద్దరూ ఎంగిలి చేతులు కడుక్కుని పొయ్యి దగ్గరికి పోయారు. కాశీంబీ మామిడికాయ తురిమి ఇచ్చి పక్కకు తప్పుకుంది. మౌలాలి తురుము కలిపాడు. ఇద్దరూ గొంతుక్కూర్చుని ఉండలు చుట్టసాగారు. మౌలాలి అరచేతిలో ఉండ తేలిగ్గా దొర్లుతోంది. వేళ్లు తగలనివ్వడం లేదు. అచ్చం నాయన చుట్టినట్టే.

"నీకెప్పుడు నేర్పినాడు?" అన్నాడు దస్తగిరి.

మౌలాలి మంట వైపు చూస్తూ చెప్పాడు. "ఆసుపత్రి నుంచే. నువ్వు మందుల కోసం కిందికి పోయినప్పుడల్లా పక్క మంచమాయన ఫోన్ అడుక్కుని నాకు చేసేవాడు. తిండి దిగేది కాదు గదా, తిండి గురించే మాట్లాడేవాడు. ఉండలు ఎట్లా చుట్టాలో చెప్పేవాడు. వస్తాను నాయనా అంటే వద్దని ఒట్టు పెట్టినాడు. పుల్లలా అయిపోయినానురా, నన్నిట్లా చూడొద్దు, లేచి ఇంటికి పోయినాక రా అన్నాడు." చేతిలోని ఉండను పులుసులోకి జారవిడిచాడు. "నేను ఒట్టు తప్పి రావాల్సింది అన్నా. రాలేదు."

దస్తగిరి చేతిలో ఉండ అట్లే ఉండిపోయింది. వాకిలి వైపు నాయన చూపు గుర్తొచ్చింది. తను కిందికి పోయి మందులు తెచ్చేలోగా ఆ చూపు ఏం కోరుకుందో, ఏం వద్దనుకుందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

"ఆ పొద్దు అందరి ముందరా అడిగితే చెప్పలేదే?"

"చెప్తే నాయనను అనేవాళ్లు గదా, కొడుకును రావద్దన్నాడని. చచ్చిపోయిన మనిషిని ఎందుకు అనిపించాల?"

పొయ్యి మీద పులుసు కుతకుతమంటోంది. ఉండలు ఉడికాక దస్తగిరి గిన్నె తనే దించాడు. మొదటి గరిటె తమ్ముని కంచంలో పోశాడు. తర్వాత తల్లికి. ఫక్కీరమ్మ ఒక ఉండ చిదిమి నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చిగుళ్లతోనే నమిలింది. "ఆఁ," అంది. "ఇదీ."

మాబున్ని అప్పటికి మొదటిసారి నవ్వింది. కాశీంబీ ఆమెకు ఇంకొక ముద్ద సంగటి పెట్టింది. ఎండకు మాడిన మామిడిపూత గురించీ, లారీ టైర్ల గురించీ, పరుపుల బేరం గురించీ మాటలు మొదలయ్యాయి. ఆ మాటల్లో పెద్ద విషయమేమీ లేదు. అయినా ఫక్కీరమ్మ ఒక్కటీ వదలకుండా వింది.

తిన్నాక తాత కర్ర తీసుకుని లేచాడు. దస్తగిరి వీధి దాకా వెంట వచ్చాడు. అడగాలని చాలా ఉంది గానీ మాటలు కూడడం లేదు. అతనికి అది కొత్త.

"తాతా," అన్నాడు చివరికి, "రేపు తెల్లవారి మామూలు వేళకే వస్తా. పూసలు ముందేసుకుని కూర్చుంటా. ఈసారి మనసు నిలబడుతుందేమో."

లోపల మౌలాలి తల్లి మంచం పక్కనే చాప పరుచుకుంటున్నాడు. ఆమె ఏదో చెబుతోంది, అతను ఊఁ కొడుతున్నాడు.

తాత ఒక్క క్షణం ఆగి ఆ చప్పుడు విన్నాడు.

"రేపు రావొద్దులే," అన్నాడు. "ఇంట్లో తమ్ముడుండాడు గదా."