ఎర్ర పొడి

నీరజ ఆ రోజు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పటాన్‌చెరు దగ్గర రంగుల ఫ్యాక్టరీలో ఆమె కెమిస్టు. బట్టలకు అద్దే ఎర్ర పొడిని యూరప్‌లో అమ్మాలంటే ముందు అక్కడి చట్టం ప్రకారం ఆ రసాయనాన్ని నమోదు చేయించాలి. ఎంతో కష్టపడి ఆమె తయారుచేసిన దరఖాస్తు మళ్ళీ తిరిగొచ్చింది. పొడితో పనిచేసేవాళ్ళకు ఏ రక్షణ ఉండాలో ఇంకా వివరంగా రాయమన్నారు.

కసిగా కూర్చుని రాసింది. తనకు పని నేర్పిన ఇలియాస్ సార్ ముందు ఆ కాగితాలు పడేసింది. ఆ యూరప్ వాళ్ళకు పనీపాటా లేదంది. మన సరుకు రానివ్వకుండా చేయడానికే ఈ వేధింపంతా అంది.

ఆయన మొత్తం చదివారు. ఒక్క తప్పూ పట్టలేదు. లేచి, "ఇవి పట్టుకుని నాతో రా," అన్నారు.

తీసుకెళ్ళింది పొడి ఆరబెట్టే షెడ్డుకి. అక్కడ సాయవ్వ పారతో పొడిని డ్రమ్ముల్లోకి ఎత్తుతోంది. ముక్కుకి కొంగు కట్టుకుంది. కనురెప్పల మీద కూడా ఎరుపే. వీళ్ళను చూసి ఏదో అనబోయి దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

"సాయవ్వకు చదివి వినిపించు. తెలుగులో."

సార్ వేళాకోళం చేస్తున్నారేమో అనుకుంది నీరజ. ఆయన ముఖం చూశాక మొదలుపెట్టింది. పొడి గాలిలోకి లేవకూడదు. లేచిన దుమ్మును అక్కడికక్కడే లాగేసే యంత్రం ఉండాలి. ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు లేకుండా ఎవరూ దగ్గరికి రాకూడదు. ఊపిరితిత్తులకు ఒకసారి పడకపోతే...

అక్కడ ఆగిపోయింది.

"చదువు." ఆయన గొంతు పెంచలేదు. ఆ ఒక్క మాటనే నొక్కి పలికారు. సార్‌కి అంత కోపం వస్తుందని ఆమెకు ఆనాటి దాకా తెలియదు.

"...ఉబ్బసం జీవితాంతం వదలకపోవచ్చు."

సాయవ్వ కొంగు కిందికి లాగింది. "గిదంత ఎవరి కోసం రాసినవ్ మేడం?"

"అక్కడ... ఈ పొడి వాడేవాళ్ళ కోసం."

సాయవ్వ ముఖం తిప్పుకుని మళ్ళీ పార అందుకుంది.

నీరజ ముఖం చెవుల దాకా వేడెక్కింది. ఈసారి కోపం యూరప్ మీద కాదు. గాలి బయటికి పంపే ఫ్యాను పాడైతే తర్వాత చూద్దామన్న యజమాని మీద. రోజూ ఈ షెడ్డులోంచి ముక్కు మూసుకుని నడిచిపోయిన తన మీద. సాయవ్వ చేతిలోంచి పార లాక్కుని అవతల పెట్టింది. వెళ్ళి డ్రయ్యర్ స్విచ్చి ఆపేసింది.

కాసేపటికే యజమాని రంగనాథం ఫోన్ చేశాడు. సరుకు ఇవాళే వెళ్ళాలి, ఎవరాపారని అరిచాడు. తానేనంది నీరజ. మాస్కులూ, దుమ్ము లాగే యంత్రమూ వచ్చేదాకా షెడ్డు నడవదని, అన్నాళ్ళూ సాయవ్వ కూలి కోయకూడదని చెప్పింది. ఉద్యోగం పోతుందన్నాడు. సరేనంది. ఫోన్ ఇలియాస్‌కి ఇమ్మన్నాడు.

"ఆ పిల్లకి ఇదంతా ఎవరు నేర్పారు?" అన్న అరుపు పక్కనున్న సాయవ్వకు కూడా వినపడింది.

"ఎవరూ నేర్పలేదు," అన్నారు ఇలియాస్ సార్. "తను రాసిందే ఒకసారి పైకి చదివింది."