మొరం బాటకు మేస్త్రి

గుట్ట మీద జంతువులు సాగు చేసుకునే తోట ఒకటి ఉండేది. అక్కడ కర్బూజాలు పండితే ఆ వాసన కింద తారు రోడ్డు దాకా వచ్చేది. కాయలు మాత్రం అంత తేలిగ్గా కిందికి వచ్చేవి కావు. తోట గేటు నుంచి తారు రోడ్డు వరకు పొడుగాటి మొరం బాట. ఎప్పుడో పరిచిన ఎర్ర మొరం వానలకు అంచులకు కొట్టుకుపోయి, మధ్యన బాట కుంగిపోయింది. ఎక్కడ చూసినా గుంతలే.

తోటకు పెద్దదిక్కు కాటమయ్య అనే ఎద్దు. మాట తక్కువ, ఓపిక ఎక్కువ. అతనికి తోడు ఓబులేసు అనే గాడిద. ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. మూడోది చుక్కమ్మ అనే కోడిపెట్ట. ఆమె కళ్లు ఎంత చురుకో నోరూ అంత చురుకు. వారం వారం ముగ్గురూ కర్బూజాలు బండికెత్తి సంతకు తీసుకెళ్లేవాళ్లు. వాటికి బదులుగా తవుడు, ఉలవలు తెచ్చుకునేవాళ్లు. ఆ ఏడు ఎండలకు గుట్ట మీద పచ్చిక మాడిపోయింది. పాకలో గేదె ఒకటి నిండు చూలుతో ఉంది. తవుడు రాకపోతే దానికి పెట్టడానికి ఏమీ లేదు.

బాట మలుపులో అన్నిటికన్నా పెద్ద గుంత ఉంది. బండి చక్రం అందులో పడిందంటే నాలుగైదు కాయలు ఎగిరి కిందపడాల్సిందే. ఆ పక్క పొదలోనే జంబులింగం అనే నక్క కాపురం.

"మళ్లీ పడ్డాయా బావా?" అంటూ పొదలోంచి వచ్చేవాడు. "మీరు పొండి, సంతకు ఆలస్యమవుతుంది. నేను ఏరి జాగ్రత్తగా పెడతాను."

తిరిగి వచ్చేసరికి తొక్కలు మిగిలి ఉండేవి.

"కోతులు బావా, కోతులు. ఒక్కణ్ణి ఎంతమందిని తరమను?" అని నక్క దిగులుగా తల ఊపేవాడు.

ఒకరోజు కాటమయ్య గుంత దగ్గర ఆగి చాలాసేపు చూశాడు. "ఇక దీన్ని బాగు చేయాల్సిందే" అన్నాడు.

జంబులింగం గుండె గుభేలుమంది. పైకి మాత్రం నవ్వాడు. "అదెంత పని బావా? చేలో మెత్తటి మన్ను ఉంది కదా. నాలుగు తట్టలు తెచ్చి పోస్తే సరి. గుంత నిండుతుంది, బాట పరుపులా ఉంటుంది."

"బాగా చెప్పాడన్నా" అన్నాడు ఓబులేసు. "రాళ్లు మోసే బాధ తప్పుతుంది."

కాటమయ్యకు అంతకన్నా మంచి ఉపాయం తోచలేదు. సరేనన్నాడు. సాయంత్రానికి ఓబులేసు వీపు మీద మన్ను మోసి గుంతలన్నీ నింపేశాడు. చూడటానికి బాట ముచ్చటగా ఉంది. జంబులింగం దాని మీద అటూ ఇటూ నడిచి మరీ మెచ్చుకున్నాడు.

సంత రోజు పొద్దున్నే వాన దంచి కొట్టింది. తెరపి ఇచ్చాక బండి కట్టారు. మలుపు దగ్గరికి రాగానే చక్రం బురదలో ఇరుసు దాకా దిగిపోయింది. కాటమయ్య మెడ నరాలు తేలేలా లాగాడు. ఓబులేసు వెనక నుంచి తోశాడు. బండి లేవలేదు సరికదా, పక్కకు ఒరిగి మొత్తం కాయలన్నీ బురదలోకి దొర్లిపోయాయి. సగం పగిలాయి, మిగిలినవి పల్లంలోకి పోయాయి. ఆ వారం సంత లేదు, తవుడూ లేదు. పాకలో గేదె ఎండుటాకులు నమిలి పడుకుంది. అది చూసి ఓబులేసుకు కన్నీళ్లొచ్చాయి.

మర్నాడు చుక్కమ్మ ఒంటరిగా బాట వెంట దిగింది. మలుపులో జంబులింగం వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. పొట్ట ఉబ్బి ఉంది. మీసాలకు కర్బూజా గింజలు అంటుకుని ఉన్నాయి. చుక్కమ్మ అలికిడి చేయకుండా వెనక్కి వచ్చి సంగతి చెప్పింది.

ఓబులేసు కాళ్లు నేలకేసి కొట్టాడు. "ఒక్క తన్ను తంతాను. మళ్లీ లేవకూడదు."

"తంతే పారిపోతాడు. నాలుగు రోజులకు మళ్లీ వస్తాడు" అంది చుక్కమ్మ. "ముందు బాట సంగతి చూడండి. మన్ను పోస్తే నీళ్లు తాగి బురదయింది. మొరమంతా అంచుల్లో గట్టులా పేరుకుంది, అందుకే నీళ్లు బయటికి పోవడం లేదు. గుంతల్ని అడుగు దాకా పెళ్లగించాలి. అంచుల్లోని మొరం మధ్యకు లాగాలి. మధ్యన కాస్త ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా ఉంటే నీళ్లు ఆగవు."

"ఇప్పుడైతే నేల తడిగా ఉంది, మొరం బాగా అతుక్కుంటుంది" అన్నాడు కాటమయ్య. "గుంటకతో పెళ్లగిస్తాను. తర్వాత దూలం లాగుతాను. కానీ దూలం మీద బరువు లేకపోతే చదునవదు. రాళ్లు పెడితే ఈ వాలులో దొర్లిపోతాయి. నువ్వేమో తేలిక, చుక్కమ్మా."

"నేను ఎక్కనా?" అన్నాడు ఓబులేసు.

"నువ్వు ఎక్కితే మొరం ఎవరు మోస్తారు?" అంది చుక్కమ్మ. కాసేపు ఆలోచించి కిసుక్కున నవ్వింది. "బరువు నేను తెస్తాను."

ఆమె నేరుగా పొద దగ్గరికి వెళ్లి వినయంగా తల వంచింది. "జంబులింగం మామా, బాట పని పెట్టుకున్నాం. చేయించే మేస్త్రి లేక చేతులు కట్టుకుని కూర్చున్నాం. నీ అంత తెలివైనవాడు ఈ చుట్టుపక్కల లేడని కాటమయ్య అన్నాడు."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. మేస్త్రి తనైతే తన గుంత జోలికి ఎవరూ రారు కదా అనుకున్నాడు. "మేస్త్రి అంటే ఏం చేయాలి?"

"ఏమీ చేయక్కర్లేదు. దూలం మీద కూర్చుని, అటు ఇటు అని చెప్తే చాలు. మేం లాగుతాం."

జంబులింగం తోక దులుపుకుని బయల్దేరాడు.

దూలం మీద కూర్చోగానే అతనికి రాజసం వచ్చేసింది. "ఎడమకి. ఇంకా ఎడమకి. ఓబులేసూ, ఆ మొరం ఇటు పోయ్" అని గొంతు పెంచాడు. చెట్ల మీది కాకులు చూడటానికి చేరాయి. చుక్కమ్మ ముందు నడుస్తూ, "దారి వదలండి, మేస్త్రి గారు వస్తున్నారు" అని అరుస్తుంటే కాకులు కూడా "మేస్త్రి, మేస్త్రి" అని అందుకున్నాయి. నక్క ఛాతీ విరుచుకున్నాడు. అతని బరువుకు దూలం కింద మొరం చదునుగా సర్దుకుంటూ వచ్చింది.

మలుపులో గుంత కనబడగానే జంబులింగం చెయ్యెత్తాడు. "ఇక్కడ ఆపండి. ఈ ముక్క వదిలేయండి."

చుక్కమ్మ కాకులవైపు తిరిగి నెమ్మదిగా అంది: "మేస్త్రి గారికి ఈ గుంత ఒక్కటి మాత్రం చేతకాదట."

కాకులు కావుమని నవ్వాయి. నక్క ముఖం జేవురించింది. "చేతకాకపోవడమేమిటి? చేతకానిది నాకేం లేదు. కాటమయ్యా, ముందు ఆ బురదంతా తీసిపారెయ్. అడుగు దాకా గుంటక వెయ్. ఓబులేసూ, మంచి మొరం తెచ్చి ఎత్తుగా పోయ్. ఇప్పుడు నడపండి. మళ్లీ నడపండి." కాకులు మళ్లీ మేస్త్రి, మేస్త్రి అని పొగుడుతున్నంతసేపూ ఆ గుంత మీద దూలాన్ని ఆపకుండా తిప్పించాడు. లోపల మాత్రం, వీళ్లు పోయాక మళ్లీ తవ్వుకోవచ్చులే అని సరిపెట్టుకున్నాడు.

కానీ ఎండకు ఆ మొరం గట్టిపడిపోయింది. జంబులింగం గోళ్లు అరిగిపోయేలా గీకినా పెచ్చు కూడా లేవలేదు. తర్వాత పడ్డ వాన నీళ్లు రెండు పక్కలకూ జారిపోయాయి, మధ్యన చుక్క నిలవలేదు.

సంత రోజు వచ్చింది. బండి నిండా కర్బూజాలు పోగుపోసుకుని ముగ్గురూ దిగుతున్నారు. పొదలో జంబులింగం నోరూరించుకుంటూ కూర్చున్నాడు. బండి మలుపు దాకా వచ్చింది. మలుపు తిరిగింది. ముందుకు సాగిపోయింది. ఒక్క కాయ కదలలేదు.

నక్క ఉండబట్టలేక పరుగెత్తుకొచ్చాడు. "బావా, ఈసారి ఒక్కటీ పడలేదేం?"

"పడేలా లేదు మామా. పనితనం అలాంటిది" అంది చుక్కమ్మ బండి మీంచి. "సంతలో అందరికీ నీ పేరే చెప్తాం."

జంబులింగానికి ఏడవాలో మురవాలో తెలియలేదు. బండి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడి, తన చేత్తో చదును చేయించిన బాటను ఖాళీ కడుపుతో చూసుకున్నాడు. ఆ సాయంత్రం తోటకు తవుడు బస్తాలు చేరాయి. గేదె కడుపునిండా తిన్నది. వారం తిరగకముందే పాకలో దూడ గెంతులేసింది.

నీతి: గుంతల వల్ల బతికేవాడిని, గుంతలెలా పూడ్చాలో సలహా అడగకూడదు.